జెండా వెంకయ్య: ఒక తండ్రి జ్ఞాపకం

(ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవం పతాకావిష్కరణతో మొదలు కావడం అన్ని ఊళ్ళలోనూ ఉన్న ఆచారమే. బీదరులో మాత్రం ఆ క్షణానికి కొంత ఎక్కువ బరువున్నది. 1947 ఆగస్టు 15న బెజవాడలోనూ ధార్వాడలోనూ త్రివర్ణ పతాకం ఎగిరినప్పుడు, నిజాం సంస్థానంలో ఉండిపోయిన ఈ నగరంలో దానిని స్వేచ్ఛగా ఎగురవేసే వీలు లేదు. ఈ జిల్లాలోని గోర్టా గ్రామంపై 1948 మే నెలలో రజాకార్లు విరుచుకుపడి ఎందరినో బలిగొన్న దారుణంలో, ఆ ఊరివారు జాతీయ పతాకం ఎత్తారన్న కక్ష కూడా కలిసి ఉన్నదని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు. 1948 సెప్టెంబరు 17 తరువాతనే ఆ బట్టకు ఇక్కడి గాలి సోకింది. దాని విలువ ఇంత దగ్గరగా తెలిసిన ఊరిలో దానికి తొలి రూపం గీసిన మనిషిని తలచుకోవడం సముచితం.

ఆయన పింగళి వెంకయ్య. అయితే ఈ ప్రసంగానికి విషయం పతాకం కన్నా, ఆ మనిషే. సైన్యంలో పనిచేసి వచ్చి, జీవితమంతా ఒక వ్యాసంగం తరువాత మరొక వ్యాసంగం వెంట నడిచిన ఒక తండ్రి.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న జన్మించారు. 1878 అని రాసిన వారూ ఉన్నారు. పంతొమ్మిదవ ఏట దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధానికి వెళ్ళారని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. ఆ యుద్ధం మొదలైనది 1899 అక్టోబరులో కనుక, ఏ పుట్టిన సంవత్సరం తీసుకున్నా ఈ లెక్క కుదరదు; అప్పటికి ఇరవై దాటి ఉండాలి. జీవిత చరిత్రలు రాసేవారు వీరుని వయస్సు ఒకటి రెండేండ్లు తగ్గించడం లోకంలో కొత్త కాదు. బ్రిటిషు సైన్యంలో చేరి సముద్రం దాటి వెళ్ళిన మాట నిజం. అక్కడే గాంధీజీని కలిశారు. గాంధీజీ అప్పుడు భారతీయులతో గాయపడినవారిని మోసే దళాన్ని నడుపుతున్నారు. పరాయి జెండాకు సైనికులు వందనం చేయడం చూసినప్పుడే తమ దేశానికంటూ ఒకటి లేదన్న బాధ ఆయన మనస్సులో నాటుకున్నదని చెబుతారు.

తిరిగి వచ్చిన తరువాత కొంతకాలం రైల్వే గార్డు, కొంతకాలం బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరు. ఏ కొలువూ ఆయనను ఎక్కువ కాలం కట్టి ఉంచలేదు. 1906 కలకత్తా కాంగ్రెసు సభల తరువాత మునగాల జమీందారు నాయని వెంకటరంగారావుగారి ఆదరణలో నడిగూడెంలో మకాం పెట్టి పత్తి సాగుపై పరిశోధన చేశారు. కంబోడియా పత్తి విత్తనం తెప్పించి ఇక్కడి నేలలో పండించి చూశారు. జనం ఆయనను ‘పత్తి వెంకయ్య’ అన్నారు. జపాను భాష నేర్చుకుని 1913లో బాపట్ల సభలో ఆ భాషలోనే ఉపన్యసించారు. ‘జపాన్ వెంకయ్య’ అయినారు. తరువాత భూగర్భశాస్త్రం పట్టుకుని, నెల్లూరు ప్రాంతంలో అభ్రకం గనులు, రాళ్ళు, రత్నాలు పరిశీలిస్తూ ఏండ్ల తరబడి గడిపి ‘వజ్రాల వెంకయ్య’ అయినారు. ఆ విషయంపై ‘తల్లిరాయి’ అనే గ్రంథం రాశారు. ఒక మనిషికి ఊరు ఇన్ని పేర్లు పెట్టినదంటే అందులో గౌరవమూ ఉంటుంది, కొంత నవ్వూ ఉంటుంది. పిల్లలను సాకవలసిన ఇంటి యజమాని పత్తి గింజలూ రాళ్ళూ ముందు పెట్టుకుని కూర్చుంటే, ఆ ఇంటి ఇల్లాలి చెవికి రెండవదే ఎక్కువగా వినిపించి ఉండవచ్చు.

ఉపాధ్యాయులు ఎక్కువగా ఉన్న ఈ సభలో ఆయన బందరు రోజులను కొంత ఆగి తలచుకోవాలి. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య గార్ల పూనికతో 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో 1911 నుండి సుమారు ఎనిమిదేండ్లు ఆయన అధ్యాపకులు. వ్యవసాయశాస్త్రం, చరిత్ర బోధించడంతోపాటు పిల్లలకు గుర్రపు స్వారీ, సైనిక కవాతు కూడా నేర్పారు. సైన్యం తనకు ఇచ్చిన విద్యను సర్కారువారి జీతం లేని జాతీయ విద్యాలయంలో స్వదేశీ పిల్లలకు పంచి పెట్టారన్నమాట.

ఆ కాలంలోనే పతాకాల వ్యాసంగం ముదిరింది. దేశదేశాల జెండాలను సేకరించి, వాటి రంగులు, గుర్తులు, అర్థాలు పరిశీలించి, భారతదేశానికి తగిన ముప్పది నమూనాలతో 1916లో ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. అచ్చు వేయించి ఊరుకోలేదు. ఏటేటా కాంగ్రెసు మహాసభలకు వెళ్ళి నాయకుల ముందు ఆ మాటే ఎత్తేవారు. వినేవారికి విసుగు కలిగి ఉంటే ఆశ్చర్యం లేదు. గాంధీజీ అంతటివారే ఆయన పట్టుదలను మెచ్చుకుంటూనే, ఆ నమూనాలలో ఏదీ తమ మనస్సును కదిలించలేదని తరువాత రాశారు.

1921 మార్చి నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. జెండాలో రాట్నం ఉండాలని జలంధరుకు చెందిన లాలా హంసరాజ్ సూచించారు. ఆ సూచన గాంధీజీకి నచ్చింది. వెంటనే వెంకయ్యగారిని పిలిచి ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నంతో ఒక నమూనా గీసి ఇమ్మన్నారు. మూడు గంటలలో అది ఆయన చేతికి వచ్చింది. అయినా సమావేశంలో ప్రవేశపెట్టే వేళ కొంచెం దాటిపోయింది! ఆ ఆలస్యమే మంచిదైనదని గాంధీజీ భావించారు. తీరికగా ఆలోచించి, తక్కిన మతాల వారికి చోటుగా తెల్లరంగు కూడా చేర్చాలని నిర్ణయించారు. ఈ వృత్తాంతమంతా 1921 ఏప్రిల్ 13వ తేదీ ‘యంగ్ ఇండియా’లో వెంకయ్యగారి పేరుతో సహా ఆయన స్వయంగా రాశారు.

మూడు గంటలన్నది చిన్న మాట. ఆ మూడు గంటల వెనుక ఎవరూ అడగని ముప్పది నమూనాలున్నాయి, ఏండ్ల తిరుగుడున్నది. అడిగిన నాడు చేతిలో పని సిద్ధంగా ఉన్నవాడు ఆ సభాస్థలిలో ఆయన ఒక్కడే.

ఈనాటి పతాకమంతా ఆయన ఒక్కరి చేతి పని అనడం సరి కాదు. 1931లో పట్టాభి సీతారామయ్యగారు సంచాలకులుగా ఏర్పడిన పతాక సంఘం తరువాత కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుస స్థిరపడింది. ఆ సంఘంలో హుబ్బళ్ళికి చెందిన హర్డీకర్‌గారు కూడా సభ్యులు. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో ధర్మచక్రం ఉంచింది. హుబ్బళ్ళి సమీపాన బెంగేరిలోని ఖాదీ సంఘం అధికారిక ప్రమాణాల ప్రకారం జాతీయ పతాకాలు తయారుచేసే కేంద్రంగా పేరు పొందింది. బందరు మేష్టారి గీతకు కన్నడ నేల బట్ట ఇచ్చింది.

ఇక ఆ ఇంటి సంగతి. ఇన్ని విద్యలలో ఏదీ ఆ కుటుంబానికి నిలకడైన ఆస్తి చేకూర్చలేదు. చివరి దినాలలో విజయవాడ చిట్టినగరులో, సైన్యంలో పనిచేసినందుకు ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో గుడిసె వేసుకుని ఆయన గడిపారు. పతాకం ఆయనకు జానెడు చోటు సంపాదించి పెట్టలేదు; ఎన్నడో పరాయి రాజు కోసం చేసిన యుద్ధం ఆ కాస్త నేల ఇచ్చింది. ఆ కుటుంబం మాట వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం వద్ద ఎవరైనా ఆగక తప్పదు. 1963 జనవరి 15న డాక్టర్ కె.ఎల్. రావుగారు మొదలైన పెద్దలు ఆయనను సత్కరించి కొంత నిధి అందించారు. ఆరు నెలలు తిరగకుండా జూలై 4న ఆయన కన్నుమూశారు. తన దేహంపై జాతీయ పతాకం కప్పాలనీ, శ్మశానం చేరిన తరువాత దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలనీ ఆయన చివరి కోరికగా చెబుతారు. దహనంలో ఆ బట్ట కాలిపోకూడదన్న జాగ్రత్త అందులో ఉన్నది.

ఆయన కుమార్తె ఘంటసాల సీతామహాలక్ష్మిగారు పల్నాడులోని మాచర్లలో చాలా కాలం జీవించారు. తండ్రి పోయిన తరువాత సుమారు అరువది ఏండ్లు ఆమె ఆ జ్ఞాపకాన్ని కాపాడుకున్నారు. ఆ మధ్యకాలంలో 2009లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ళ వెలువరించింది. విజయవాడ ఆకాశవాణి కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. 2021 మార్చిలో రాష్ట్ర ముఖ్యమంత్రి ఆమె ఇంటికి వెళ్ళి సత్కరించారు. అప్పటికి ఆమె నూరేండ్లకు దగ్గరపడిన వృద్ధురాలు. తండ్రిని పత్తి వెంకయ్యగా, వజ్రాల వెంకయ్యగా ఎరిగిన తరం అంతా వెళ్ళిపోయింది. ‘నాన్నగారు’ అని పిలిచే నోరు ఆమెది మిగిలింది.

2022 ఆగస్టు 2న ఢిల్లీలో వెంకయ్యగారి జయంతి ఘనంగా జరిపి, ఆయన స్మారకంగా మరొక తపాలా బిళ్ళ విడుదల చేశారు. సీతామహాలక్ష్మిగారు దానికి పన్నెండు రోజుల ముందు, జూలై 21న కన్నుమూశారు.