పాత వ్యాపారలెక్కల ప్రోగ్రాములు – క్రొత్త చట్రము నెన్నుకొనుట
(చీమకుర్తి వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు పెద్దలు ముచ్చటించిన యీ వేదికపై కంప్యూటరు ప్రోగ్రాముల మాట యెత్తుటకు మేము కొంత సంకోచించితిమి. కాని మన సంఘీయులలో చీమకుర్తి, రామతీర్థముల యొద్ద గ్రానైటు క్వారీలు నడుపువారును, ప్రత్తి, మిరప వర్తకము చేయువారును పెక్కురు కలరు. వారిలో ననేకుల లెక్కలు ఇరువదియేండ్ల నాటి ప్రోగ్రాములలోనే యున్నవి. వానిని వ్రాసినవారు హైదరాబాదునకో అమెరికాకో పోయిరి. మూలప్రతి యెచ్చట నున్నదో యజమానికే తెలియదు.

ఆ ప్రోగ్రాములలో పెక్కు విజువల్ బేసిక్ 6 లోను, ఫాక్స్‌ప్రోలోను వ్రాయబడినవి. మొదటిది 1998లో వెలువడినది. దానితో ప్రోగ్రాములు వ్రాయు సాధనమునకు మైక్రోసాఫ్టువారు 2008లో మద్దతు మానిరి. రెండవదానికి 2015లో మానిరి. అయినను వ్రాసిన ప్రోగ్రాములు నడచుచునే యున్నవి. నడచుచున్నవి గదా యని మనమును ఊరకుంటిమి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినది. మరుసటి యేడు ఇ-వే బిల్లు వచ్చినది. నాటినుండి మన గుమాస్తాలు ఒకే బిల్లును పాత ప్రోగ్రాములో నొకమారు, ప్రభుత్వపు పోర్టలులో నొకమారు కొట్టవలసివచ్చెను. రెంటికిని అంకె కుదరని దినమున లారీ దారిలో నిలిచిపోవును.

కావున బ్రౌజరులో తెరచుకొను వెబ్ ప్రోగ్రామునకు మారవలెనని యందరును ఒప్పుకొనుచున్నారు. వివాదమంతయు ఏ ఫ్రేమువర్కు నెన్నుకొనవలె ననుదానియందే. ఫ్రేమువర్కనగా చట్రము. లాగిన్, పట్టికలు, ఫారములు మొదలగు సామాన్యపు పనులు ముందే అమర్చిన చట్రమునందు మన వ్యాపార నియమములను మాత్రము మనము కూర్చుకొందుము. రాయి కోయు యంత్రమును కొనునప్పుడు వేగమును మాత్రమే చూచి కొనువా డెవడును లేడు. దాని బ్లేడు ఒంగోలులో దొరకునా, చెడినచో బాగుచేయు మెకానిక్కు కలడా యని విచారింతుము. ప్రోగ్రాము విషయమున మాత్రము ఈ బుద్ధి మన కేల తోపలేదో!

మా యనుభవమును దాచక చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట ఒక కంపెనీవారు అప్పటికి మిక్కిలి పేరుపడిన చట్రముతో సర్వమును ఒక్కమారే తిరుగవ్రాసి యిత్తుమనిరి. మేము సంతోషముతో ఒప్పుకొంటిమి. ఒక సోమవారమునాడు పాతదానిని మూసి క్రొత్తదానిని తెరచితిమి. మొదటి బిల్లునే కొనుగోలుదారు త్రిప్పిపంపెను. కారణ మిది: 285 సెంటీమీటర్ల పొడవు, 165 వెడల్పు, 145 ఎత్తు గల దిమ్మెకు ప్రతి కొలతలోను 5 సెంటీమీటర్లు తగ్గించి లెక్కించుట మాకును వారికిని గల యొప్పందము. అట్లు 6.272 ఘనమీటర్లు రావలెను. క్రొత్త ప్రోగ్రాము 6.819 అని చూపినది. ఆ తగ్గింపు నియమము పాత ప్రోగ్రాములో నెచ్చటనో దాగియుండెను. కాగితముమీద ఎవరును వ్రాసియుండలేదు. గుమాస్తాను మేమును అడుగలేదు, వారును అడుగలేదు. మూడు దినములు లారీలు క్వారీలోనే నిలిచినవి. మరల పాతదానినే తెరచుకొంటిమి. చట్రమును నిందించుట అన్యాయము. అది తనకు చెప్పిన లెక్కయే చేసినది. పోయిన సొమ్ముకంటె, చాలకాలముగా మాతో వర్తకము చేసిన పెద్దమనిషి మేము కొలతలో మోసగించితిమని తలంచుటయే మాకు ఎక్కువ బాధ కలిగించెను.

అటుపిమ్మట చట్రముల చరిత్రను కొంత చదివితిమి. గూగులువారి యాంగ్యులర్‌జేఎస్ 2010లో వచ్చినది. 2016లో దాని తరువాతి రూపమును పూర్తిగా మార్చి వ్రాసిరి; మొదటిదానికి 2021తో మద్దతు ముగిసినది. మైక్రోసాఫ్టువారి వెబ్ ఫారమ్స్ 2002 నాటిది. 2016లో ఏఎస్పీ డాట్‌నెట్ కోర్ వచ్చినప్పుడు దానిని అందులోనికి తీసికొనిరాలేదు. కావున కంపెనీ పేరు పెద్దదైనంత మాత్రమున చట్రము దీర్ఘాయువని నమ్మరాదు.

మేము తుదకు జాంగో నెన్నుకొంటిమి. అది అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున నొక వార్తాపత్రిక కార్యాలయములో పుట్టి 2005లో లోకమునకు వెల్లడియైనది. దీర్ఘకాల మద్దతు గల కూర్పు సుమారు రెండేండ్ల కొకటి వచ్చుచు, ఒక్కొక్కదానికి మూడేండ్లు భద్రతా సవరణలు లభించుచున్నవి. డేటాబేసులో నున్న పట్టికలను చదివి వానికి తగిన నమూనాలను తానే వ్రాసిపెట్టు ‘ఇన్‌స్పెక్ట్‌డీబీ’ అను ఆజ్ఞ యందు కలదు. పాత లెక్కలు గలవారికి ఇది గొప్ప సదుపాయము. అయినను ఆ వ్రాతను మనిషి సరిచూడక తప్పదు. పైథాన్ భాష కళాశాలలో నేర్చిన పిల్లలు మన యిండ్లలోనే కలరు. చెడిన దినమున వారు ఆదుకొనగలరు. ఇది యందరికిని తగునని మేము చెప్పము. డాట్‌నెట్ తెలిసినవా డాఫీసులో నున్నచో ఏఎస్పీ డాట్‌నెట్ కోర్, జావా తెలిసినచో స్ప్రింగు, పీహెచ్‌పీ తెలిసినచో లారవెల్ తగును. రియాక్టు లేనిదే తెరకు అందము లేదని కుర్రవాండ్రు పట్టుపట్టుదురు. బిల్లు కొట్టు గుమాస్తాకు ఆ యందముతో అంతగా పనిలేదు.

ఈమారు ముందుగా గుమాస్తాను కూర్చుండబెట్టి నెలదినములు నియమములను వ్రాయించితిమి. ఒక నోటుపుస్తకము నిండినది. పిదప లెక్కల ప్రతి నొకదానిని పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోనికి చేర్చి, మొదట నివేదికలను, తరువాత పర్మిట్ల లెక్కను, కట్టకడపట బిల్లులను మార్చితిమి. మూడుమాసములు రెండు ప్రోగ్రాములును ప్రక్కప్రక్కనే నడపి, ప్రతి సాయంకాలము మొత్తములు సరిచూచితిమి. జీతముల పట్టిక యింకను పాతదానిలోనే యున్నది. దానికి తొందర లేదు.

ఆ నోటుపుస్తకమును వెంట తెచ్చితిమి. భోజనానంతరము వసతిగృహపు ముందుగదిలో నుండెదము. మూలప్రతి పోగొట్టుకొన్న యజమానులు తమ గుమాస్తాలను కూడ వెంటబెట్టుకొని రావలసినదిగా కోరుచున్నాము.