వెదురు సొర

సొర యనగానే మనలో పెక్కుమందికి పడవను వెంటాడు భయంకర జంతువు కన్నులకు గట్టును. మరికొందరికి బాలింతలకు పెట్టు పాలసొర కూర జ్ఞప్తికి వచ్చును. ఈ రెంటికిని చెందని సొర యొకటి మన సముద్రములలో నున్నది. దాని జోలికి పోనంతవరకు అది ఎవరికిని హాని చేయదు. ఆంగ్లములో దానికి వెదురు సొర యని అర్థమిచ్చు పేరు కలదు.

1803లో పేట్రిక్ రస్సెల్ అను వైద్యుడు విశాఖపట్టణమున సేకరించిన 200 చేపలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. అందు సొరలకును చోటు లభించినది. ఇక్కడి వారు పిలుచుకొను పేరులనే ఆయన పదిలపరచెను. బూడిదవన్నె వెదురు సొరను శాస్త్రరీత్యా వర్ణించినవారు ముల్లర్, హెన్లే అను జర్మనులు. అది 1838వ సంవత్సరపు మాట.

ఈ చేప రెండున్నర అడుగులకు మించి పెరుగుట అరుదు. దేహము సన్నము, తోక పొడవు, నోరు చిన్నది. ముక్కుపుటముల చెంత చిన్న మీసములు రెండుండును. పిల్లలకు ఒంటిమీద పట్టెలుండి, పెరిగినకొలది మాసిపోవును. పెద్ద సొరలలో కొన్ని ఊపిరి కొరకు ఎడతెగక ఈదుచుండవలెను. దీనికా శ్రమ లేదు. నోటి కండరములతోనే నీటిని మొప్పల మీదికి త్రోసికొనుచు, సముద్రపు అడుగున కదలక పడియుండగలదు. పగలు మరుగున దాగి, రాత్రివేళ చిన్న చేపలను, పీతలు, రొయ్యలు మున్నగు వానిని వెదకికొనును.

సొరల ముట్టెమీద సన్నని రంధ్రములుండును. 1678లో లోరెంజీని అను ఇటలీ దేశస్థుడు వానిని వర్ణించెను. ఇతర ప్రాణుల దేహములనుండి వెలువడు స్వల్ప విద్యుత్తును అవి పసికట్టునని చాలకాలమునకు గాని తెలియలేదు.

ఈ సొర గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క గ్రుడ్డు తోలుసంచివంటి పెట్టెలో నుండును. తల్లి కాపలా కాయదు. మరి లోని పిల్లకు దిక్కెవరు? దీని దాయాదియైన గోధుమపట్టెల వెదురు సొర గ్రుడ్లపై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2013లో వెలువడినది. శత్రువు విద్యుత్తును పోలినదానిని సోకించగా, గ్రుడ్డులోని పిల్ల మొప్పల కదలికను సైతము ఆపి, ఊపిరి బిగబట్టెను! పుట్టకమునుపే ప్రాణరక్షణ నేర్చిన జీవి యిది.

కాని ఆ విద్య వలముందు పనిచేయదు. అడుగును ఈడ్చుకొనిపోవు ట్రాలు వలకు విద్యుత్తు చూచి భయపడు ప్రాణి, చూడని ప్రాణి అను భేదము లేదు. అది కదలక పడియున్న సొరను, దాని గ్రుడ్లను ఒక్కటిగానే ఎత్తుకొని వచ్చును. సంతానము కొద్దిగా, నెమ్మదిగా కలుగు చేపకు ఇది పెద్ద నష్టము.

ఇందు ఊరట యొకటి కలదు. నీటిని వీడి కొంతసేపు ప్రాణము నిలుపుకొనగల ఓర్పు దీనికున్నది. కనుక వల విప్పిన వెంటనే, సజీవముగా నున్నదానిని సముద్రమునకు విడిచిన యెడల అది బ్రతికి తిరుగుటకు అవకాశము కలదు. మన కీడు కోరని ప్రాణికి మనము చేయదగిన ఉపకారము, నిజమునకు, అంతే.