“తాత్కాలికము” అన్న మాట
(శతాబ్ది సభలలో చేసిన ప్రసంగ పాఠము)



రక్త కాన్సర్‌ను గురించి మాట్లాడమన్నారు. ఒక వైద్యుని కృషిని చెప్పితే విషయము తేలికగా బోధపడునని తలంచుచున్నాను.

డాక్టర్ సిడ్నీ ఫార్బర్ 1903లో అమెరికాలోని బఫలో నగరమున ఒక యూదుల కుటుంబములో జన్మించారు. బోస్టన్‌లోని పిల్లల ఆసుపత్రిలో ఆయన పెథాలజిస్టు. అనగా రోగి మంచము దగ్గర కాక, ప్రయోగశాలలోను, శవపరీక్ష గదిలోను పనిచేయు వైద్యుడు. ల్యుకేమియా వచ్చిన పిల్లలు కొద్ది వారములలోనో, నెలలలోనో ఆయన బల్ల మీదికే చేరేవారు. ఎముకల మూలుగలో పక్వముకాని తెల్లకణములు మితిమీరి పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ చేయుటే ఈ జబ్బు. ఆ దినములలో దీనికి మందు లేదు. బిడ్డను ప్రశాంతముగా పోనిస్తే చాలునని చాలామంది వైద్యులే అనుకొనేవారు.

కణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. ఆ జాతి పదార్థములిచ్చినప్పుడు ఈ పిల్లలలో జబ్బు మరింత వేగముగా పెరిగినట్లు ఫార్బర్ గమనించారు. అట్లయితే దానికి అడ్డుపడే పదార్థమిస్తే? అది తాళములో దూరును గాని తెరవని నకిలీ చెవి వంటిది. అటువంటి అమినాప్టెరిన్‌ను ఆయనకు అందించినది లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనకు అధిపతి మన భీమవరములో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు!

1947 చివర మందు మొదలుపెట్టారు. 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడింది. మంచము పట్టిన పసివారు లేచి ఆడుకొన్నారు. అయితే కొన్ని నెలలకు జబ్బు మరల తిరుగబెట్టింది. 1948 జూన్‌లో ప్రచురించిన వ్యాసపు శీర్షికలోనే ఫార్బర్ “తాత్కాలిక” ఉపశమనమని వ్రాశారు. ఆ మాట వ్రాయుటకు ధైర్యము కావలెను. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. ఫార్బర్ 1973 వరకు జీవించారు.

ఆ ఒక్క మాటే తరువాతి వారికి దారి చూపింది. ఒక మందు చాలదు, అనేక మందులు కలిపి, జబ్బు కనబడకపోయినను ఇంకా కొనసాగించవలెనని తేలింది. మెంఫిస్ నగరములో అపొస్తలుడైన యూదా పేర 1962లో తెరచిన ఆసుపత్రిలో డాక్టర్ డొనాల్డ్ పింకెల్ బృందము, ఆ దశాబ్ది చివరి చికిత్సలతో సుమారు సగముమంది పిల్లలను బ్రదికించింది. నేడు మంచి వైద్యము పూర్తిగా అందిన చోట్ల, పిల్లలలో ఎక్కువగా వచ్చే రకమునకు నూటికి 80 మందికి పైగా స్వస్థత పొందుచున్నారు.

“పూర్తిగా” అన్నాను, గమనించండి. మొదటి నెలలోనే బిడ్డ ముఖము తేటపడును, జ్వరము పోవును. “దేవుడు బాగుచేశాడు, ఇక మందులెందుకు?” అని తల్లిదండ్రులు ఇంటికి తీసుకొని పోవుదురు. కొందరు స్వస్థత కూటములో సాక్ష్యము చెప్పి మాత్రలు ఆపుదురు. ప్రార్థన మానమని నేననను, నేనును ప్రార్థించువాడనే. కాని చికిత్స రెండు మూడేండ్లు సాగవలెను. జబ్బు తిరుగబెట్టితే నయము చేయుట మొదటికంటె ఎంతో కష్టము. భక్తి ఎక్కువై మానువారికంటె బస్సు ఛార్జీలు లేక, కూలి పోగొట్టుకోలేక మానువారే ఎక్కువని నా అభిప్రాయము. అక్కడ సంఘము చేయగలది ఉన్నది.

ఆ చికిత్సలో వారమునకొకసారి ఇచ్చు మెథోట్రెక్సేట్ మాత్ర, సుబ్బారావు గారి ప్రయోగశాలలో పుట్టిన అమినాప్టెరిన్‌కు తోబుట్టువే. మీ సంఘములో అటువంటి బిడ్డ ఉన్నయెడల, ఈ వారము మాత్ర వేశారా, వచ్చే నెల ఆసుపత్రికి తోడెవరు వెళ్లుచున్నారు అని ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆ తల్లిని అడగండి.