పెరటి గోంగూర



ఉగాది వెళ్ళిందంటే ఆంధ్రదేశంలో నేల బీటలు వారుతుంది. విత్తనం తొలకరి కోసం కాచుకుంటుంది. మనకా చింత లేదు. ఏప్రిల్‌లో బగాన్ దాతో వైపు సాయంత్రం ఉరమని రోజు తక్కువ. అక్కడ నీరు నిలవడానికి మడి పల్లంగా కడతారు. ఇక్కడ మనం నీరు పోవడానికి ఎత్తుగా పోసి పక్కన కాలువ తీస్తాము. చంకుల్ పట్టి నడుము నొప్పి పుట్టినా, మొలకలు చూస్తే ఆ నొప్పి గుర్తుండదు!

గోంగూర మాత్రం మోకాలెత్తు ఎదగకుండానే మొగ్గ తొడుగుతుంది. విత్తనం చెడిందని మా అమ్మ ఏటా తిట్టుకునేది. తప్పు విత్తనానిది కాదు. పగలు తగ్గితే పూతకు వచ్చే మొక్క అది. ఆంధ్రలో జూన్ పగలు 13 గంటలు. మనకు ఏడాది పొడుగునా 12 గంటలే. అందుచేత జానెడు ఎదగగానే తల తుంచండి, నెలకొకసారి కొత్తగా చల్లండి. రెండు మొక్కలు విత్తనానికి వదలండి. కాయ ఎండిన రోజునే కోయాలి, వాన తగిలితే బూజే.

ఎస్టేటు విడిచి ఫ్లాటుకు వచ్చినప్పుడు అమ్మ ఇచ్చిన గింజలు డబ్బాలోనే బూజుపట్టాయి. పాత లైనులోని పిన్ని ఒకరు గుప్పెడు ఇచ్చి నన్ను గట్టెక్కించారు. వాటి సంతతే ఇప్పుడు నా కుండీలలో ఉన్నది.

ద్వారం దగ్గర పొట్లాలు పెట్టాను, ఒక్కొక్క దానిలో 20 గింజలు. తీసుకున్నవారు వచ్చే ఉగాదికి 10 తిరిగి తెచ్చియ్యాలి.