కట్టు కట్టే ముందు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మేము ఎముకల డాక్టర్లం, కాబట్టి ఎముకల మాటే చెప్తాం. అందులోనూ ఒక్క ఎముక, మోకాలి కింద ముందువైపు ఉండేది.

ఒకసారి చేత్తో తడిమి చూడండి. మోకాలి చిప్ప కింద నుంచి చీలమండ దాకా దాని అంచు వేలికి తగులుతుంది. వెనక పిక్కలో కండ ఉంది, ముందు వట్టి చర్మమే. అందుకే బైకు మీద నుంచి పడితే ఈ ఎముక సులువుగా చర్మం చీల్చుకుని బయటికొస్తుంది. కండ లేనిచోట రక్తం తక్కువ, అతుకు ఆలస్యం. బెంగళూరు–చెన్నై రోడ్డు మీద, మొగిలి ఘాటుకు దగ్గర్లో ఉన్న పలమనేరుకు ఇలాంటి కాళ్లు కొత్త కాదు.

విరిగిందనగానే మన జిల్లాలో నోటికొచ్చేది పుత్తూరు కట్టు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. ఎగతాళి చెయ్యం. చర్మం చిట్లక, ఎముక పక్కకు జరగకపోతే కదలకుండా పట్టి ఉంచడమే వైద్యం. మా పిండికట్టు చేసేదీ అదే. కానీ రెండుచోట్ల ఏ కట్టూ సరిపోదు, మాదైనా సరే.

మొదటిది, పుండు పడినప్పుడు. పసుపు, కాఫీపొడి వద్దు. శుభ్రమైన గుడ్డ కప్పి, బద్ద ఆసరా పెట్టి తీసుకురండి. గంటలోపు యాంటీబయాటిక్ సూది పడాలి. తర్వాత థియేటర్లో కడిగి, బయట రాడ్లు బిగిస్తాం, లేదా మూలుగ గొట్టంలోకి రాడ్ దింపి రెండు చివరలా స్క్రూలు వేస్తాం. ఈ లోపలి రాడ్ పద్ధతిని 1940లో లోకానికి చూపించింది జర్మనీ సర్జన్ కుంట్షర్.

రెండోది కంటికి కనబడదు. మోకాలి కింద కండలు నాలుగు సంచుల్లో ఉంటాయి, ఆ సంచులు సాగవు. లోపల వాపు పెరిగితే కండకు రక్తం ఆగిపోతుంది. కాలివేళ్లు వంచితే చాలు, మనిషి కేక పెడతాడు. పాదంలో నాడి కొట్టుకుంటోందని ధైర్యపడొద్దు, అది ఉండగానే కండ చస్తుంది. బిగుతు కట్టు దీన్ని ఇంకా పెంచుతుంది. వెంటనే కట్టు పూర్తిగా విప్పాలి, నొప్పి తగ్గకపోతే సంచులు కోసి వదులు చెయ్యాలి. సుమారు 6 గంటలు దాటితే ఆ కండ తిరిగి రాదు. తిరుపతి అయినా వేలూరు అయినా, ఇక్కడి నుంచి దారిలోనే అందులో కొంత పోతుంది.

డబ్బు పోగయ్యేదాకా ఆగి మూడోరోజు వచ్చేవాళ్లను చూస్తూనే ఉన్నాం. అర్హులైతే ఆపరేషన్‌కు ప్రభుత్వ పథకం ఉంది, 108 ఉంది. బండి ఆలస్యమైన రాత్రికి మాత్రం ఎవరూ లేరు. మీ సదఖాలో కొంత, కమిటీ సంతకాల కోసం ఆగకుండా, బండి బాడుగకూ మొదటి సూదికీ విడిగా పెట్టండి. అతుకు పడేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు నెలలు, ఆ ఇంటికి బియ్యం కూడా చూడండి. అన్నిటికంటే ముందు, అర్ధరాత్రి ఫోనెత్తే మనిషి పేరు ఈ సభలోనే తేల్చండి.