చిన్న పిల్లలు, హాట్ టబ్: నేను చేసిన తప్పు

ఈ రోజు ఫోన్ రివ్యూ లేదు, కోడింగ్ కూడా లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తాను. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. కానీ మీ ఇళ్ళల్లో కూడా చిన్న పిల్లలు ఉంటారు కదా, అందుకే చెప్తున్నా.

పోయినేడాది డల్లాస్‌లో మా అక్క వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ అపార్ట్‌మెంట్స్‌లో స్విమ్మింగ్ పూల్ పక్కనే హాట్ టబ్ ఉంది. ఇంకేముంది, సాయంత్రం మేనల్లుడిని ఎత్తుకుని దిగిపోయాను. వాడికి మూడున్నరేళ్ళు. గేటు దగ్గర రూల్స్ బోర్డు ఉంది. యాప్‌లో టర్మ్స్ అండ్ కండిషన్స్ చదవకుండా ఓకే కొడతాం చూడండి, అలాగే దాటేశాను.

మొదట్లో బుడగలు చూసి వాడు ఒకటే నవ్వు. పది నిమిషాలయ్యేసరికి నా భుజం మీద తల వాల్చి, "మామా, నిద్దరొస్తోంది" అన్నాడు. అబ్బ, ఎంత హాయిగా ఉందో వీడికి అనుకుని, గట్టు మీదున్న ఫోన్ అందుకుని వీడియో తీశాను. అంతలో అక్క వచ్చింది. "ఒరేయ్, వాడి మొహం చూశావా? ఎలా కందిపోయిందో!" అంటూ వాణ్ని లాక్కుంది. బయటికి తియ్యగానే వాంతి చేసుకున్నాడు. లోపలికి తీసుకెళ్ళి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిచి, కొద్దికొద్దిగా నీళ్ళు పట్టాం. కాసేపటికి తేరుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను నిద్ర అనుకున్నది ఒంట్లో వేడి పెరగడం వల్ల వచ్చిన మగత.

ఎందుకలా అవుతుంది? చెమట మన ఒంటికి కూలింగ్ ఫ్యాన్ లాంటిది. అది ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. మెడ దాకా నీళ్ళలో ఉంటే చెమట ఆరే దారే లేదు. హాట్ టబ్ నీళ్ళు 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉండొచ్చు, అంటే 40 డిగ్రీల సెల్సియస్. మన ఒళ్ళేమో 37. అంటే వేడి బయటికి పోకపోగా, లోపలికే వస్తుంది. పైగా చిన్న పిల్లలకి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, అందుకే మనకంటే త్వరగా వేడెక్కిపోతారు. మీకు హాయిగా ఉందంటే వాడికీ హాయిగా ఉన్నట్టు కాదు. వాడికి "తల తిరుగుతోంది" అని చెప్పడం కూడా రాదు.

అందుకే అమెరికాలో సీడీసీ మాట ఒకటే: 5 ఏళ్ళలోపు పిల్లల్ని హాట్ టబ్‌లో దించొద్దు. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా సరే, వద్దు.

రెండోది, అడుగున ఉండే డ్రెయిన్. పంపు అక్కడి నుంచే నీళ్ళు లాగుతుంది. 2002లో వర్జీనియాలో గ్రేమ్ బేకర్ అనే 7 ఏళ్ళ పాప ఆ లాగుడుకి హాట్ టబ్ అడుగున ఇరుక్కుపోయింది. ఈత బాగా వచ్చిన పాప. తల్లి లాగినా రాలేదు. చివరికి ఇద్దరు మగవాళ్ళు డ్రెయిన్ మూత విరిగేంత బలంగా లాగితే గానీ రాలేదు. పాప దక్కలేదు. ఆమె అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు. తల్లి నాన్సీ బేకర్ ఊరుకోలేదు, చట్టం కోసం పోరాడింది. 2007లో ఆ పాప పేరు మీదే చట్టం వచ్చింది. పబ్లిక్ పూల్స్‌లో, స్పాల్లో మనిషిని పట్టేయని డ్రెయిన్ మూతలు తప్పనిసరి చేసింది.

అది అమెరికా చట్టం. మన మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లలో జకూజీ ఉందని బుక్ చేసుకుంటాం కదా, అక్కడ మనమే చూసుకోవాలి. వెళ్ళగానే డ్రెయిన్ మూత విరిగిందా, ఊడిందా చూడండి. తేడాగా ఉంటే ఎవరూ దిగొద్దు. పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో కేర్‌టేకర్‌ని అడగండి. ఎవరైనా ఇరుక్కుంటే ముందు ఒకరు పరుగెత్తి అది ఆపాలి. పొడుగు జుట్టు ఉంటే ముడి వేయాలి, జుట్టు కూడా పట్టేస్తుంది.

ఇంకొకటి, వేడి నీళ్ళలో క్లోరిన్ త్వరగా తగ్గిపోతుంది. అప్పుడు క్రిములు పెరిగి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. నీళ్ళు మబ్బుగా ఉన్నా, అడుగు కనిపించకపోయినా దిగకండి.

5 ఏళ్ళు దాటిన పిల్లలైతే? వేడి తగ్గించి, కొద్ది నిమిషాలే. తల ముంచనివ్వొద్దు. పక్కనే, చెయ్యి అందేంత దూరంలో పెద్దవాళ్ళొకరు ఉండాలి, వాళ్ళ చేతిలో ఫోన్ ఉండకూడదు. సినిమాల్లోలాగా మునిగేవాళ్ళు కేకలు వేస్తారనుకోకండి, చాలాసార్లు చప్పుడే ఉండదు. వాడనప్పుడు మూత వేసి తాళం పెట్టాలి.

మొహం కందినా, మగతగా ఉన్నా, వికారం అన్నా వెంటనే బయటికి తీసి చల్లబరచండి. పిలిస్తే పలక్కపోతే ఆలోచించొద్దు, ఇక్కడ 108, అమెరికాలో 911.

నేను తీసిన ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. అందులో వాడి మొహం ఎంత ఎర్రగా ఉందో ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడు నేను స్క్రీన్ చూశాను, పిల్లాణ్ని చూడలేదు. అది మీకు చూపించను. ఈ ఎపిసోడ్ మాత్రం వచ్చే వీకెండ్ ఫామ్‌హౌస్ ప్లాన్ చేస్తున్న మీ గ్రూప్‌లో పంపండి.

ఉంటాను మరి, బై.