దాచిన మనసే ఉత్కంఠ

శృంగార థ్రిల్లర్‌లో ఉత్కంఠకు మూలం పాత్ర దాచుకున్న ఉద్దేశం. హైదరాబాద్ యూసుఫ్‌గూడ కృష్ణానగర్‌లో సినిమా అవకాశాల కోసం ఎదురుచూసే యువ రచయితలు దీన్ని గమనించాలి. 2018లో అజయ్ భూపతి తీసిన ‘ఆర్‌ఎక్స్ 100’నే తీసుకోండి. మొదటి సగం కథ హీరో శివ వైపు నుంచే నడుస్తుంది కాబట్టి, నాయిక ఇందు ప్రేమను అతనితో పాటు మనమూ నమ్ముతాం. ద్వితీయార్ధంలో ఆమెది ప్రేమే కాదని తెలిసేసరికి, అంతకుముందు చూసిన ప్రతి కౌగిలికీ అర్థం మారిపోతుంది.

ఆ శృంగార సన్నివేశాలు టికెట్ల కోసమేనని కొందరంటారు. ప్రచారంలో వాటి వాటా కాదనలేం. కానీ అవి లేకపోతే శివ మోజును నమ్మలేం, మోసం మన గుండెకు తగలదు. 1992 నాటి ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ మరో దారి పట్టింది: నాయిక హంతకురాలేమోనన్న అనుమానం ముందే నాటి, డిటెక్టివ్ ఆమెకు దగ్గరయ్యేకొద్దీ భయం పెంచింది. రెండింటిలోనూ ప్రేక్షకుణ్ని కట్టిపడేసే ప్రశ్న ఒక్కటే: ఈమెకు నిజంగా ఏం కావాలి? ఆ ప్రశ్న లేని శృంగారం ఎంత చూపినా ఉత్కంఠ పుట్టదు.